లింక్‌డిన్‌లో ఉద్యోగం ఎలా వస్తుంది, ఎందుకు రాదు

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1,024 మంది దాకా చేరవచ్చు. డిగ్రీయో బీటెకో పూర్తిచేసి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఉద్యోగం వెతుక్కుంటున్నవారిలో ఇలాంటి ఉద్యోగ ప్రకటనల గ్రూపులు నాలుగైదింటిలో లేనివారు అరుదు. తెల్లవారి ఫోన్ తెరిస్తే పదో పదిహేనో ప్రకటనలు వరసగా కనిపిస్తాయి: ఫలానా కంపెనీలో ఫ్రెషర్లకు అవకాశం, ఫలానా బ్యాచ్‌లవారు అర్హులు, ఇంటి నుంచే పని, లింకు నొక్కండి, త్వరపడండి. అదే ప్రకటన అదే గంటలో ఇంకెన్ని గ్రూపులకు, ఎన్ని టెలిగ్రామ్ ఛానెళ్లకు చేరి ఉంటుందో ఎవరూ లెక్కపెట్టలేరు. ఇలా వచ్చిన ప్రతి లింకులోనూ వివరాలు నింపుతూ నెలలు గడిపి, ఒక్క పిలుపూ అందుకోని మనిషి "సోషల్ మీడియాలో ఉద్యోగాలు రావు, అంతా ఉత్తిదే" అని తేల్చేయడంలో వింతేమీ లేదు. అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చున్న మరొకరు లింక్‌డిన్‌లో పరిచయమైన సీనియర్ చెప్పిన ఒక్క మాటతో ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉద్యోగంలో చేరిపోవడమూ నిజమే.

ఈ రెండు అనుభవాలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించడానికి కారణం, సామాజిక మాధ్యమం అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు కలగలిసిపోయి ఉండడం. అది ఖాళీలను ప్రకటించే బోర్డు. నియామకాలు చేసేవారు మనుషులను వెతికి పట్టుకునే జాబితా. ఒకరి మాట మీద ఇంకొకరికి తలుపు తెరుచుకునే పరిచయాల గొలుసు. ఉద్యోగార్థులు ఎక్కువ సమయం గడిపేది మొదటిదాని దగ్గర. ఫలితం ఎక్కువగా వచ్చేది మూడోదాని నుంచి. మోసగాళ్లు వాడుకునేదీ ఆ మూడోదాన్నే.

ప్రకటన బోర్డుగా సామాజిక మాధ్యమానికి ఉన్న విలువ తక్కువేనని ముందే చెప్పుకోవాలి. ఖాళీ ఉందన్న సమాచారానికి విలువ, అది కొద్దిమందికే తెలిసినంత కాలమే ఉంటుంది. వేలమందికి ఒకేసారి చేరిన లింకు ద్వారా వచ్చిపడే దరఖాస్తులను కంపెనీ తరఫున ముందు వడపోసేది చాలాచోట్ల సాఫ్ట్‌వేరే; నియామక బాధ్యులు చూసేది జల్లెడ దాటి వచ్చిన కొన్నింటిని మాత్రమే. అందుకే చేరాలనుకున్న పదిహేను ఇరవై కంపెనీల కెరీర్స్ పేజీలను నేరుగా చూసుకుంటూ, ఖాళీ పడిన తొలి రెండు రోజుల్లోనే దరఖాస్తు చేయడం, గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చిన పాత లింకును నొక్కడం కన్నా మేలు. "ఆసక్తి ఉన్నవారు కింద 'ఇంట్రెస్టెడ్' అని కామెంట్ పెట్టండి" అని లింక్‌డిన్‌లో కనిపించే పోస్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేలకొద్దీ కామెంట్లతో పోస్టు పెట్టినవారి పరపతి పెరుగుతుంది తప్ప, ఆ కామెంట్లన్నీ కూర్చుని చదివి రెజ్యూమెలు తెప్పించుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇక సర్వీస్ కమిషన్ ఉద్యోగాల విషయంలో ఈ మాధ్యమాలకు నోటిఫికేషన్ వచ్చిందని చెప్పడం మించిన పాత్ర లేదు. ఆ నోటిఫికేషన్‌ను కూడా టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ వెబ్‌సైట్లలో చూసుకున్న తర్వాతే నమ్మాలి.

వెతికేవారి కంటికి ఆనేదెలా

లింక్‌డిన్ 2003 మే నెలలో జనంలోకి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రొఫైల్ పెట్టుకోవడం ఉచితమైన ఈ వేదిక ఆదాయంలో ముఖ్యమైన భాగం, మనుషులను వెతికే సదుపాయం కోసం నియామక సంస్థలు కట్టే చందాల నుంచి వస్తుంది. ఉద్యోగార్థి దృష్టిలో అది తన గురించి చెప్పుకునే చోటు కాగా, డబ్బు కట్టేవారి దృష్టిలో అది ఒక పెద్ద జాబితా. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ప్రొఫైల్ ఎలా రాయాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

రిక్రూటర్ తన తెరమీద చేసే పని చాలా సాదాగా ఉంటుంది. ఉద్యోగం పేరు, రెండు మూడు నైపుణ్యాలు, ఊరు, అనుభవం ఎన్నేళ్లు అన్నవి నింపి వెతుకుతారు. వచ్చిన పేర్లలో మొదటి కొన్ని పేజీలు చూస్తారు. అనుభవం ఉన్నవారైతే నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో పనిచేయాల్సిన గడువు) ఎంత అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఇప్పుడు ఒక ఫ్రెషర్ ప్రొఫైల్‌ను ఆ తెర మీద ఊహించండి. పేరు కింద ఉండే మొదటి పంక్తిలో "అవకాశాల కోసం ఎదురుచూస్తున్నాను" అనో, "నిత్య విద్యార్థిని" అనో ఆంగ్లంలో రాసి ఉంటుంది. ఏ రిక్రూటరూ ఆ మాటలతో వెతకరు. అక్కడ "జావా డెవలపర్" అనో "జీఎస్టీ, ట్యాలీ తెలిసిన అకౌంటెంట్" అనో ఉంటే ఆ మనిషి కనీసం జాబితాలోకి వస్తారు. ఊరి దగ్గర సొంత మండలం పేరు పెట్టుకుని, హైదరాబాద్ ఉద్యోగాలకు తనను ఎవరూ పిలవడం లేదేమిటని బాధపడేవారు కూడా ఉంటారు. వెతికేవారు హైదరాబాద్ అని ఎంచుకుంటే తణుకులోనో మంచిర్యాలలోనో ఉన్నట్టు చూపే ప్రొఫైల్ వారికి కనబడకపోవచ్చు.

ఉద్యోగం వెతుకుతున్నామని తెలియజేసే 'ఓపెన్ టు వర్క్' సదుపాయంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రంతో అందరికీ కనిపించేది, రెండోది రిక్రూటర్లకు మాత్రమే కనిపించేది. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు రెండోది ఎంచుకోవడం సహజం. అయితే సొంత కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా తాము జాగ్రత్తలు తీసుకున్నా, పూర్తి హామీ ఇవ్వలేమని లింక్‌డినే చెబుతుంది. మేనేజర్‌కు తెలిస్తే ఇబ్బంది అనుకునేవారు ఆ మాటను గుర్తుపెట్టుకోవాలి.

ప్రొఫైల్ విషయంలో పెద్దగా ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. మన దగ్గర ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసుకోవడం అలవాటు. లింక్‌డిన్ మాత్రం పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు మరో గడి ఇచ్చి రెండూ నింపమంటుంది. పక్కన ఫొటో ఉంటుంది. నైపుణ్యం గురించి ఒక్క ముక్క చదవకముందే మతం, కులం, ప్రాంతం ఊహించుకునే అవకాశం చూసేవారికి దొరుకుతుంది. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే స్థాయి అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో భారతీయ ప్రైవేటు సంస్థలకు పంపినప్పుడు, అగ్రవర్ణ హిందువులదనిపించే పేర్లతో పోలిస్తే దళితుల, ముస్లింల పేర్లకు పిలుపులు వచ్చే అవకాశం తక్కువగా ఉందని తేలింది. అది పత్రికా ప్రకటనలకు కాగితం మీద దరఖాస్తులు పంపిన కాలం నాటి పని. ఫొటోతో సహా కళ్లముందు ఉండే ప్రొఫైళ్ల కాలంలో ఆ వివక్ష దానంతటదే మాయమైపోయిందనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించడం లేదు. ఇంటిపేరు గడిలో పొడి అక్షరమే పెట్టుకోవడానికి లింక్‌డిన్ ఒప్పుకుంటుంది; ఫొటో పెట్టడం తప్పనిసరి కాదు. అయితే ఫొటో లేని ప్రొఫైల్‌ను నకిలీదేమోనని అనుమానించేవారూ ఉంటారు గనుక, ఈ చిక్కుకు అందరికీ పనికొచ్చే జవాబు లేదు.

బంధువు కన్నా పరిచయస్తుడు

ఉద్యోగ సమాచారం మనుషుల మధ్య ఎలా ప్రయాణిస్తుందన్న దానిమీద ఇప్పటికీ అందరూ ప్రస్తావించే పరిశోధన మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజికవేత్తది. పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగంలో చేరిన మసాచుసెట్స్ వాసులను ఆయన, ఆ సమాచారం ఇచ్చిన వ్యక్తిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారో అడిగారు. తరచుగా కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 55.6 శాతం, ఏడాదికి ఒకసారి కలిస్తే గొప్ప అన్నవారు 27.8 శాతం. 1973లో వచ్చిన ఈ వ్యాసం చెప్పే కారణం మనకూ సులువుగానే అర్థమవుతుంది. రోజూ కలిసే మిత్రులకు, దగ్గరి బంధువులకు తెలిసిన సంగతులు మనకు ముందే తెలిసి ఉంటాయి, ఎందుకంటే వాళ్లూ మనమూ తిరిగేది ఒకే లోకంలో. ఎప్పుడో పెళ్లిలో కలిసిన మనిషి, పాత ఆఫీసులో పక్క టీమ్‌లో పనిచేసినావిడ తిరిగే లోకం వేరు. కొత్త కబురు అటునుంచే రావాలి.

సుమారు యాభై ఏళ్ల తర్వాత ఈ సూత్రాన్ని లింక్‌డిన్‌లోనే పరీక్షించారు. 'మీకు తెలిసి ఉండవచ్చు' అంటూ పేర్లు సూచించే యంత్రాంగాన్ని కొందరికి దగ్గరి పరిచయాలను, మరికొందరికి దూరపు పరిచయాలను ఎక్కువగా చూపేలా మార్చి, ఐదేళ్లలో ప్రపంచవ్యాప్తంగా రెండు కోట్ల మందికి పైగా సభ్యుల ఉద్యోగ మార్పులను గమనించారు. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఆ ఫలితాలు గ్రానొవెటర్ మాటను బలపరుస్తూనే కొంత సవరించాయి. బొత్తిగా ముఖపరిచయం లేనివారూ కాకుండా, మరీ దగ్గరివారూ కాకుండా, మధ్యలో కొందరు ఉమ్మడి పరిచయస్తులున్న మనుషులే ఉద్యోగ మార్పుకు ఎక్కువగా ఉపయోగపడ్డారు. ఇంకో ఫలితం మనకు మరింత ముఖ్యమైనది: సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ రంగాల్లో దూరపు పరిచయాలు పనికొస్తే, డిజిటల్ పని తక్కువగా ఉన్న రంగాల్లో దగ్గరి పరిచయాలే బలంగా పనిచేశాయి. పరవాడ ఫార్మాసిటీలోనో శ్రీసిటీ ఫ్యాక్టరీలోనో షిఫ్ట్ కెమిస్టుగా, మెషిన్ ఆపరేటర్‌గా చేరదలచినవారు లింక్‌డిన్‌లో అపరిచితులకు సందేశాలు పంపుతూ కూర్చోవడం కన్నా, అక్కడ పనిచేస్తున్న పాత సహోద్యోగికి వాట్సాప్‌లో ఫోన్ చేయడమే నయమని దీన్నిబట్టి అనుకోవచ్చు.

తెలుగు సమాజంలో బంధుత్వం, సొంత ఊరు, కులం చుట్టూ అల్లుకున్న ఉద్యోగ సాయం పాత విషయమే. "మనవాడు, కాస్త చూడండి" అన్న మాటకు ఉన్న బలం అందరికీ తెలుసు. ఆ మాట చెప్పేవారు ఇంట్లో లేనివారికి, తమ కుటుంబంలో మొదటిసారి ఆఫీసు ఉద్యోగం చేయబోతున్నవారికి, సామాజిక మాధ్యమం ఇచ్చే అసలైన అవకాశం ఇక్కడే ఉంది. లింక్‌డిన్‌లో సొంత కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల విభాగంలోకి వెళ్తే, అక్కడ చదివినవారు ఏ కంపెనీల్లో, ఏ ఊళ్లలో, ఏ పనుల్లో ఉన్నారో కనిపిస్తుంది. ఏ నగరానికీ దగ్గర కాని ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చినవారికి కూడా అందులో వందల పేర్లు దొరుకుతాయి. వారిలో వైస్ ప్రెసిడెంట్‌ను పట్టుకోవాలనుకోవడం పొరపాటు. రెండు మూడేళ్ల ముందు చదివి, తాను ఉద్యోగం వెతుక్కున్న రోజులు ఇంకా మరిచిపోని సీనియర్ జవాబిచ్చే అవకాశం ఎక్కువ.

ఆ సీనియర్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ఆయనకు వారంలో వచ్చే సందేశాల్లో ఎక్కువభాగం ఇలా ఉంటాయి: "హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్ ఇన్ యువర్ కంపెనీ? ప్లీజ్ రెఫర్ మీ." దీనికి జవాబివ్వాలంటే ఆయన తమ కంపెనీ ఖాళీలన్నీ వెతకాలి, ఈ మనిషి ఏం చదివారో కనుక్కోవాలి, ఏది సరిపోతుందో తేల్చాలి. అంత పని ఆయనెందుకు చేస్తారు? కంపెనీ లోపలి రెఫరల్ పోర్టల్ ఆయనను సాధారణంగా అడిగేవి కొద్దిపాటి వివరాలే: జాబ్ ఐడీ, అభ్యర్థి పేరు, ఫోన్, ఈమెయిల్, రెజ్యూమె, ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసన్న ఒక పంక్తి. కాబట్టి సందేశం ఆ గడులను నింపగలిగేలా ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"నమస్తే అండీ. నేను మన కాలేజీలోనే 2024లో ఈసీఈ పూర్తిచేశాను. మీ కంపెనీ కెరీర్స్ పేజీలో టెస్ట్ ఇంజనీర్ ఉద్యోగం చూశాను. జాబ్ ఐడీ కింద ఇచ్చాను. అందులో అడిగిన సెలీనియం టెస్టింగ్ టూల్‌తో నేను చేసిన ప్రాజెక్టు లింకు ఇది. రెజ్యూమె జతచేశాను. చూశాక తగినవాడినే అనిపిస్తే రెఫర్ చేయగలరా? కుదరకపోతే, ఆ టీమ్ ఇంటర్వ్యూలో దేనిమీద ఎక్కువ అడుగుతారో చెప్పినా నాకు చాలా సాయం."

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. రెఫర్ చేయడమంటే తన పేరును ఇంకొకరి పనితనానికి తోడు నిలపడం. ముక్కూమొహం తెలియని మనిషి కోసం అందుకు వెనుకాడడం న్యాయమే. చాలా కంపెనీలు రెఫర్ చేసినవారు చేరితే ఉద్యోగికి బోనస్ ఇస్తాయి గనుక ఆయనకూ కొంత లాభం ఉంది, కానీ వరుసగా పనికిరాని రెజ్యూమెలు పంపితే ఆయన మాటకు లోపల విలువ తగ్గుతుంది. సమాచారం అడిగితే మాత్రం ఇవ్వడానికి ఎక్కువమంది ఇష్టపడతారు. ఆ సంభాషణ సాగిన తర్వాత రెఫరల్ అడగడం తేలిక. ఇంకో మాట: రెఫరల్ చాలా సందర్భాల్లో చేసేది రెజ్యూమెను మనిషి కంటి ముందుకు తేవడమే. అక్కడి నుంచి అంతా మామూలు ఇంటర్వ్యూయే. రెఫరల్ ఉంటే ఉద్యోగం ఖాయమని ఎవరైనా డబ్బు అడిగితే, అది రెఫరల్ కాదు, బేరం.

అమెరికాలో చదువు ముగించిన తెలుగు విద్యార్థుల విషయంలో ఈ గొలుసుకు గడియారం కూడా తోడవుతుంది. చదువు తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి) మీద, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాతో ఉన్నవారు ఉద్యోగం లేకుండా మొత్తం మీద 90 రోజులకు మించి ఉండకూడదు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి ఇచ్చే స్టెమ్ పొడిగింపు దొరికితే ఆ పరిమితి మొత్తం 150 రోజులు అవుతుంది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉండి ఉద్యోగం పోయినవారికి సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. లింక్‌డిన్‌లో తెలుగు సీనియర్లు, ఆ ఊరి తెలుగువారి వాట్సాప్ గ్రూపులు ఈ తొందరలో నిజంగా ఆదుకుంటాయి. అవే గ్రూపుల్లో, లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఏడెనిమిదేళ్లుగా చూపించి క్లయింటుకు పంపుతామనే కన్సల్టెన్సీలూ తారసపడతాయి. ఎక్కువమంది ఆలోచించని ప్రమాదం ఒకటి ఇందులో ఉంది. లింక్‌డిన్ ప్రొఫైల్ బహిరంగ పత్రం. అందులో రాసిన ఏళ్లు, వీసా కాగితాల్లో ఉన్న చదువు తేదీలు పొసగకపోతే, ఆ తేడాను పట్టుకోవడానికి ఎవరూ పెద్దగా శ్రమపడక్కర్లేదు. మన దేశంలోనూ అంతే: పాత ఉద్యోగ వివరాలను తనిఖీ చేసే సంస్థలు పీఎఫ్ ఖాతా చరిత్రను అడుగుతున్న రోజుల్లో, ప్రొఫైల్‌లో అదనంగా చేర్చిన రెండేళ్లు చివరి దశలో చేతిదాకా వచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టగలవు.

అరువు నమ్మకంతో మోసం

పరిచయాల గొలుసు నడిచేది నమ్మకం మీద. ఒకరి మీద ఉన్న నమ్మకాన్ని ఇంకొకరి కోసం అరువిచ్చే ఈ పద్ధతినే మోసగాళ్లు తిరగేసి వాడతారు. పెద్ద కంపెనీ లోగోతో ప్రొఫైల్ ఫొటో, హెచ్‌ఆర్ అని హోదా, నిజంగానే ఆ కంపెనీలో పనిచేసే వ్యక్తి పేరు అరువు తెచ్చుకుని మాట కలుపుతారు. టెలిగ్రామ్‌లో చాట్ ద్వారానే ఇంటర్వ్యూ ముగిసిపోతుంది. అరగంటలో ఆఫర్ లెటర్ వస్తుంది. ల్యాప్‌టాప్ కోసమో, శిక్షణ కోసమో, వెరిఫికేషన్ కోసమో తిరిగి ఇచ్చే డిపాజిట్ కట్టమంటారు. పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో జరిగేది ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. హోటళ్లకు రేటింగ్ ఇవ్వడం, యూట్యూబ్ వీడియోలకు లైక్ కొట్టడం లాంటి పనులకు మొదట నూటయాభై, రెండు వందలు నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక 'ప్రీపెయిడ్ టాస్క్' అంటూ ముందు మీరు డబ్బు కట్టే దశ మొదలవుతుంది. తెర మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే పన్ను కట్టమంటారు. గ్రూపులో "నాకు వచ్చేసింది" అంటూ స్క్రీన్‌షాట్లు పెట్టే మిగతా సభ్యులు కూడా చాలాసార్లు ఆ ముఠావారే.

విదేశీ ఉద్యోగాల దగ్గర పోయేది డబ్బు ఒక్కటే కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. యూట్యూబ్ వంటి మాధ్యమాల ద్వారా ఉద్యోగాల పేరుతో ఆకర్షించి రష్యాకు పంపి, యుద్ధంలోకి దించారన్న కేసులో అదే ఏడాది మార్చిలో సీబీఐ పలు నగరాల్లో సోదాలు చేసింది. అలా వెళ్లినవారిలో హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. గల్ఫ్‌కైనా మరెక్కడికైనా విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి. నమోదైనవారి జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. అలాంటి ఏజెంటు సైతం అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చన్న మాట ఫేస్‌బుక్ ప్రకటనలో కనిపించినా, వాయిస్ మెసేజ్‌లో వినిపించినా, అక్కడితో ఆగిపోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకాలు చేపడుతున్నాయి. ప్రైవేటు ఏజెంటు చెప్పే మాటను అక్కడ అడిగి సరిచూసుకోవచ్చు.

లింక్‌డిన్‌లో పేరు పక్కన కనిపించే వెరిఫికేషన్ గుర్తును కూడా ఉన్నదాని కన్నా ఎక్కువగా చదవకూడదు. మన దేశంలో డిజిలాకర్‌లోని ఆధార్‌తో వచ్చే గుర్తు ఆ మనిషి పేరు నిజమని మాత్రమే చెబుతుంది. ఆయన చూపే ఉద్యోగం నిజమని చెప్పదు. ఆఫర్ ఇచ్చిన ఈమెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, ఆ జాబ్ ఐడీ కెరీర్స్ పేజీలో ఉందా అని చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేసి అడగడం పది నిమిషాల పని. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఇంకా ఖాతాల మధ్య తిరుగుతున్నప్పుడే దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్న మరో 'ఉద్యోగం' విషయంలో 1930 కూడా ఆదుకోలేదు. మీ బ్యాంకు ఖాతా మాకు వాడుకోవడానికి ఇవ్వండి, వచ్చిన డబ్బును చెప్పిన చోటుకు పంపండి, శాతం లెక్కన కమీషన్ ఇస్తాం అని టెలిగ్రామ్‌లో అడుగుతారు. అకౌంట్స్ అసిస్టెంట్ అనో పేమెంట్ ఏజెంట్ అనో దానికి హోదా కూడా తగిలిస్తారు. ఆ ఖాతాలోకి వచ్చేది ఇలాంటి మోసాల్లోనే మరొకరు పోగొట్టుకున్న సొమ్ము. ఫిర్యాదు అందగానే ఖాతా స్తంభిస్తుంది. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వారి ఇంటికే, అప్పటికి ఆ టెలిగ్రామ్ పేరు ఉండదు.